రోడ్డు మీద వడ్డించిన గట్క

వంటావార్పు అనే మాట వినిపిస్తే మా స్టేషన్ ఘన్‌పూర్‌లో చాలామందికి ఉద్యమం గుర్తొస్తుంది, ఛాతీ ఉప్పొంగుతుంది. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. ఇన్నేళ్లయినా మండుతూనే ఉంది. రాష్ట్రం కావాలని రోడ్డుకు అడ్డంగా రాళ్లపొయ్యిలు పెట్టి, పెద్దపెద్ద గుండిగల్లో అన్నం, పప్పుచారు వండి, వందలమంది అక్కడే బంతులుగా కూర్చుని తినేవారు. బస్సులూ లారీలూ ఎక్కడివక్కడ ఆగిపోయేవి. ఆ పొయ్యిల దగ్గర గరిటె తిప్పేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే. ఇంట్లో తాగిన గ్లాసు తీసి పక్కన పెట్టనివాళ్లు రోడ్డు మీద తలపాగా చుట్టి అన్నం వారుస్తుంటే ఫోటోలు తీసేవారు. వాళ్లలో మా సారు అందరికన్నా ముందుండేవాడు.

సారు అంటే మా ఆయనే. సర్కారు బడిలో పంతులు. ఊరంతా సారు అని పిలుస్తుంటే నాకూ అదే అలవాటైంది. మాకిద్దరు ఆడపిల్లలు. మహబూబాబాద్ అవతలి పల్లె నుంచి వచ్చిన మా అత్తమ్మ మాతోనే ఉండేది. ఉద్యమం ముదిరిన ఆ ఏడు ఎండాకాలం చివర్లో కొత్త చెప్పు కరిచి సారు ఎడమకాలి బొటనవేలికి పుండు పడింది. అది వానలు పడ్డాకా మానలేదు, పత్తిచేలు పూతకు వచ్చాకా మానలేదు. జనగామ తీసుకెళ్లి డాక్టరుకు చూపిస్తే షుగర్ చాలా ఎక్కువుందన్నాడు. ఎప్పటి నుంచి ఉందో ఎవరికి తెలుసు? మా సారు పరీక్ష చేయించుకుంటే కదా.

"రెండు నెలలు చూద్దాం. మందులు వేస్తూ తిండి మార్చండి. షుగర్ దిగకపోతే వేలు తీసేయాల్సి వస్తుంది. అది ఆ వేలితో ఆగుతుందని కూడా నేను చెప్పలేను" అన్నాడు డాక్టరు. చేతికి ఒక అచ్చుకాగితం ఇచ్చాడు. అంతా ఇంగ్లిష్. ఓట్స్, బ్రౌన్ బ్రెడ్, ఆలివ్ నూనె, ఇంకేవో పళ్ల పేర్లు. మా బజారులో బ్రెడ్ అంటే జ్వరం వచ్చినవాళ్లు పాలల్లో ముంచుకుని తినేది ఒక్కటే.

"సార్, జొన్న గట్క పెట్టొచ్చునా?" అని అడిగాను.

"అంటే ఏంటమ్మా అది?" అన్నాడు. జొన్నల్ని రవ్వగా పగలగొట్టి అన్నంలా వండుతామని చెప్పాను. ఆయన నవ్వాడు. పక్కనున్న నర్సు కూడా నవ్వింది. "ఏదో ఒకటి పెట్టండి. అన్నం మాత్రం బాగా తగ్గించండి" అన్నాడు. ఆ కాగితం మొత్తంలో లేని పనికొచ్చే మాట అదొక్కటే. అది కూడా నవ్వుతూ చెప్పాడు. బస్సు ఎక్కేదాకా నా పళ్లు పటపటమంటూనే ఉన్నాయి.

అప్పటి నుంచి మా వంటింట్లో మొదలైన ప్రయోగాలు నాకు మూడు చెరువుల నీళ్లు తాగించాయి. సారుతో పనిచేసే మరో పంతులు హన్మకొండ పోయినప్పుడు ఓట్స్ డబ్బా తెచ్చిచ్చాడు. కాగితం మీద ఉన్నట్టే వండాను. మా పెద్దపిల్ల గరిటె పైకెత్తి చూసి, "అమ్మా, గిది నాయినోళ్లకు ఇస్తే పోస్టర్లు అతికిచ్చుకుంటరు గదనే" అంది. ఆ డబ్బా తర్వాత ఎక్కడికి పోయిందో నేను అడగలేదు.

పళ్లెంలో సగం కూర ఉండాలి, పావు వంతే అన్నం ఉండాలి అని నా అంతట నేనే ఒక లెక్క పెట్టుకున్నాను. సొరకాయ, బీరకాయ, చిక్కుడు, తోటకూర, పుంటికూర, రోజుకు రెండు రకాలు నూనె తగ్గించి వండేదాన్ని. పళ్లెం చూసి సారు, "నేనేమన్న మేకనా?" అనేవాడు. పొట్టు పెసలు నానబెట్టి అట్లు పోస్తే నాలుగు తినేవాడు, జొన్నరొట్టెలు చేస్తే మూడు తినేవాడు. తిని చెయ్యి కడుక్కోకుండా అలాగే కూర్చుని, "మంచిగున్నయి. ఇగ అన్నం పెట్టు" అనేవాడు. రొట్టె తింటే టిఫిను, అన్నం తింటేనే తిండి. ఈ మనిషికి చదువు చెప్పినవాళ్లెవరో, ఈయన దగ్గర చదువుకునే పిల్లల గతేమిటో అనుకునేదాన్ని. పైకి కూడా అనేదాన్ని.

అందుకే గట్క మీద పడ్డాను. గట్క అన్నంలాగే ఉంటుంది, పప్పు పోసుకోవచ్చు, పచ్చిపులుసు పోసుకోవచ్చు, మజ్జిగతో ముగించవచ్చు. కాస్త తినేసరికి కడుపు నిండుతుంది. జొన్న తింటే పుండు మానిపోతుందని నేనేం కలగనలేదు. పూటకో గుట్టంత తెల్లన్నం లోపలికి పోకపోతే చాలనుకున్నాను. మా పుట్టిల్లు కాటారం దగ్గర. ఫోను చేస్తే మా అన్న ఒక సంచి తెల్లజొన్నలు పంపాడు.

మొదటిసారి గిర్నీలో రవ్వ పట్టించాను. అంతకుముందు అదే గిర్నీలో ఎవరో మిరపకాయలు పట్టించారు. ఆ గట్క తిన్న మా చిన్నపిల్ల చెక్కర డబ్బా పట్టుకుని ఇల్లంతా గంతులేసింది. రెండోసారి ఉండలు కట్టింది. మూడోసారి జావైంది. నాలుగోసారి పైన మెత్తగా, లోపల పలుకుగా వచ్చింది. మా పుట్టింట్లో గట్క వండిన చెయ్యి మా అవ్వది. మేం పిల్లలం ముసురుపట్టిన రోజున సరదాగా తినేవాళ్లం, అంతే. వండేటప్పుడు ఎవరు చూశారు?

ఇంట్లో గట్క వండడం తెలిసిన మనిషి ఒకరున్నారు. అత్తమ్మ. పెళ్లయిన నాటి నుంచి ఇరవై ఏళ్లకు పైగా రోజూ అదే వండిన మనిషి. "అత్తమ్మా, ఎసట్ల రవ్వ ఎప్పుడు పొయ్యాలె? ఎంతసేపు ఉడకాలె?" అని అడిగితే, చాటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా, "నాకు యాది లేదు బిడ్డా" అంది. ఎప్పుడో నలభై ఏళ్ల కింద ఏ బర్రె ఏ వారం ఈనిందో చెప్పే మనిషికి గట్క యాది లేదట! నేను నాలుగుసార్లు అడిగాను. నాలుగుసార్లూ అదే మాట. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. మా ఇంట్లో పెరటి చెట్టు తానే పనికిరానని మొండికేసింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, ఆ వారం నేను గిన్నెలు తోమితే వీధి చివరిదాకా వినిపించేది.

అయినా వదల్లేదు. పడుతూ లేస్తూ ఎలాగో తినదగ్గ గట్క చేయడం నేర్చుకున్నాను. రవ్వను జల్లించి, ముందు పెద్ద రవ్వ ఎసట్లో పోసి, అది ఉడికాక సన్నది కలిపి, మంట తగ్గించి మూతపెట్టి ఉమ్మగిల్లనిస్తే ముద్ద నిలబడింది. సారు ముఖం చిట్లించుకుంటూనే రెండు పూటలా అది తిన్నాడు. నేను గెలిచాననుకున్నాను.

అప్పుడే సకల జనుల సమ్మె వచ్చింది. బడులు మూశారు, బస్సులు ఆపేశారు. సారు పొద్దున లేచి కాలికి కట్టు కట్టుకుని బడి ముందు వేసిన దీక్షా శిబిరానికి పోతే చీకటి పడేముందు వచ్చేవాడు. మధ్యాహ్నానికి గట్క, కూర టిఫిన్‌లో కట్టిచ్చేదాన్ని. టిఫిన్ ఖాళీగా తిరిగొచ్చేది. అత్తమ్మ కూడా మధ్యాహ్నం పూట, "జరసేపు గాళ్లతోని కూసోని వస్త" అని శిబిరం వైపు పోయేది. డెబ్బై దగ్గరపడ్డ మనిషికి కూడా ఉద్యమం ఎక్కిందని మా అక్కకు ఫోనులో గొప్పగా చెప్పుకున్నాను.

నెల తర్వాత పరీక్ష చేయిస్తే షుగర్ ఇసుమంత కూడా దిగలేదు. ఇంకొంచెం పెరిగింది. పుండు అంచులు నల్లబడుతున్నాయి. నేను ఆ పరీక్ష కాగితం పట్టుకుని తిన్నగా శిబిరానికి పోయి, అక్కడ కూర్చున్న పంతుళ్లందరినీ కడిగిపారేశాను. మిర్చీ బజ్జీలు పెడుతున్నారా, బొబ్బట్లు పెడుతున్నారా, ఆయన కాలు పోతే మీరు మోస్తారా అని. వాళ్లు బెదిరిపోయారు. "లేదక్కా, సారు చాయ్ గూడ చెక్కర లేకుంటనే తాగుతడు. ఒట్టు" అన్నారు. సారు నేల చూపులు చూశాడు. ఆడది అరిచిందని సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

వారం తిరక్కుండానే మా ఊరి దగ్గర పెద్దరోడ్డు మీద వంటావార్పు పెట్టారు. ఆ రోజు సారును నమ్మలేదు. గుండిగల కొద్దీ వేడి అన్నం కళ్ల ముందుంటే ఆయన ఆగడని తెలుసు. పెద్ద బగోనె నిండా గట్క వండి, పుంటికూర పప్పు, పచ్చిపులుసు చేసి, పిల్లలిద్దరి సాయంతో మోసుకుంటూ నేనే పోయాను.

మేం పోయేసరికి సారు మైకులో మాట్లాడుతున్నాడు. నేను జనంలో నిలబడి విన్నాను.

"మన భాషను జూసి నవ్విండ్రు, మన తిండిని జూసి నవ్విండ్రు. గట్క తినేటోళ్లని ఎక్కిరిచ్చిండ్రు. అవును, మేం గట్క తిన్నోళ్లమే! గట్కనే మా బలం, గట్కనే మా ఇజ్జత్!"

చప్పట్లు మోగాయి. ఈలలు వేశారు. పొద్దునే కదా ఈ మనిషి నా చేతి గట్క చూసి, "మళ్ల గిదేనా" అని ముక్కు విరిచింది! ఇజ్జతట. మైకులో బలం, పళ్లెంలో అలుసు. జనాన్ని తోసుకుంటూ పోయి, ఆయన కిందికి దిగగానే రోడ్డు మీద విస్తరాకు పరిచాను. బగోనె మూత తీసి నాలుగు గరిటెల గట్క వేశాను.

"కూసోండ్రి సారూ. మీ ఇజ్జత్ తెచ్చిన. అందరి ముంగట తినుండ్రి" అన్నాను.

చుట్టూ గొల్లుమన్నారు. ఎవరో ఫోటో తీశారు. సారుకు తప్పించుకునే దారి లేదు. తారురోడ్డు మీద, పుండుకాలు పక్కకు చాపుకుని కూర్చుని ఆకులో గట్క తిన్నాడు. "అక్కా నాకు జర, అక్కా మాకు జర" అని ఇంకో పదిమంది ఆకులు పట్టుకొచ్చారు. నా జన్మలో నా వంటకు అంత గిరాకీ ఎన్నడూ లేదు. కొంగు నడుముకు దోపి వడ్డిస్తుంటే, ఇంతకాలం కడుపులో ఉన్న మంట కాస్త చల్లారినట్టనిపించింది.

అప్పుడు కనబడింది అత్తమ్మ. జనం వెనక నిలబడి ఉంది. కొంగు కింద ఏదో పట్టుకుని ఉంది. ఆమె కళ్లు నేల మీద ఆకు ముందు కూర్చున్న కొడుకు మీదే ఉన్నాయి. ముందుకొచ్చి, నా చేతిలో గరిటె లాగి రోడ్డు మీద విసిరికొట్టింది. ఆ ఊపులో కొంగు జారి, చేతిలోని స్టీలు డబ్బా కిందపడి మూత ఊడింది. తెల్లన్నం. నెయ్యి వేసి, మధ్యలో మామిడికాయ తొక్కు పెట్టిన అన్నం. పొద్దున నేను ఆమె కోసం గిన్నెలో పెట్టి మూతేసి వచ్చిన అన్నమే అది.

ఒక్క క్షణంలో అసలు విషయం తెలిసిపోయింది, మిగతాది తర్వాత విన్నాను. నెల రోజులుగా ఆమె శిబిరానికి పోయేది ఉద్యమానికి కాదు. తన వంతు అన్నం తెచ్చి బడి వెనక వరండాలో కొడుకుకు తినిపించడానికి. గట్క టిఫిన్ అక్కడి కుక్కలకు పోయేది, లేదా ఆమె కడుపులోకి. అది కూడా లేని రోజు పస్తు. ఈ సంగతి సారుకు తెలుసు. తినే నోటికి తెలియదా?

"నీ అన్నమే నీ కొడుకు కాలు తింటున్నది అత్తమ్మా!" అని అరిచాను. అంత గట్టిగా నేను ఎవరి మీదా అరవలేదు.

"అన్నం తింటె కాలు వోతదా? ఎక్కడి ముచ్చటనే అది!" అంది ఆమె. "మీ మామ దొర వాకిట్ల గొంతుక కూసోని, ఆకుల ఏసిన గట్క తిన్నడు. కుక్క పక్కపొంటి కూసోని తిన్నడు. పెండ్లయిన కొత్తల నేను నా కండ్లతోని సూసిన. నా కడుపుల పుట్టినోడు గట్ల కూసోవద్దని ఆ దినమే అనుకున్న. కూలికి పోయి, నూకలు ఏరుకొచ్చి, ఆన్కి అన్నం పెట్టి సారును జేసిన. నువ్వు ఇయ్యాల మంది ముంగట వాని తండ్రి లెక్కనే కూసోబెట్టినవ్ గదనే పిల్లా!"

మైకు ఆగిపోయింది. సారు ఆకు మీద నుంచి తల ఎత్తలేదు. "ఇంటికి పోయి మాట్లాడుకుందాం" అన్నాడు మెల్లగా. అదీ ఆయన చెప్పిన మాట. రాష్ట్రమంతటి తరఫున మాట్లాడగలిగిన మనిషి, అమ్మ తరఫున ఒక మాట, పెళ్లాం తరఫున ఒక మాట మాట్లాడలేకపోయాడు.

నేను పెరిగిన ఇంట్లో గట్క వానాకాలపు సరదా. మాకు పొలముంది, ధాన్యం ఉంది, బుద్ధిపుడితే గట్క వండుకునేవాళ్లం, లేదంటే లేదు. ఆమె ఇంట్లో వేరే దారే లేదు. ఆ తేడా నాకు ఆ రోజు రోడ్డు మీద తెలిసింది. తెలిసినంత మాత్రాన కోపం తగ్గుతుందనుకోకండి. ఇంకా పెరిగింది. ఈ మాట ముందే, వంటింట్లో, నేను నాలుగుసార్లు అడిగినప్పుడు చెబితే ఏం పోయేది? యాది లేదనడం దేనికి? ఇద్దరూ కలిసి నన్ను వెర్రిదాన్ని చేయడం దేనికి? దొర మీద ఉన్న కోపాన్ని నా జొన్నల మీద చూపించడం ఎక్కడి న్యాయం?

ఇంట్లో మాటలు బంద్ అయ్యాయి. పది రోజులు తిరక్కముందే సారుకు చలిజ్వరం వచ్చింది. కాలు మడమదాకా వాచింది. జనగామలో వేరే చిన్న దవాఖానలో చేర్చాం. అక్కడి డాక్టరు ఇక ఆగడానికి లేదని బొటనవేలు తీసేశాడు. తీసే ముందు ఆయన కట్టు విప్పుతుంటే అత్తమ్మ పక్కనే ఉంది. ఆ నల్లటి వేలు, లోపలి ఎముక ఆమె అప్పుడే మొదటిసారి చూసింది. అన్నం తింటే ఇట్లయితదా అని డాక్టరును అడిగింది. ఆయన ఔనన్నాడు. కాదని కూడా అన్నాడు, ఇంకా చాలా చెప్పాడు. ఆమె ఆ ఔనును మాత్రమే విన్నది. కదలకుండా మంచం పక్కనే కూర్చుండిపోయింది. రాత్రి నేను ఉంటానంటే తల అడ్డంగా ఊపి వద్దంది. నేను పిల్లల కోసం ఇంటికొచ్చేశాను.

మర్నాడు పొద్దున నేను పొయ్యి వెలిగించలేదు. జొన్నరవ్వ డబ్బా ఎదురుగానే ఉంది. కడిగిన గిన్నె బోర్లించి ఉంది. ఎవరికోసం వండాలి? రెండు నెలలు మోకాళ్లు పడిపోయేలా నిలబడి వండితే కుక్కలకు పోయింది. తల్లీ కొడుకులు ఏం తింటారో తిననీ, ఎంత తింటారో తిననీ అనుకున్నాను. పిల్లలకు పాలు ఇచ్చి, పక్కింటామెకు అప్పగించి, సంచిలో ఒక లుంగీ, తువ్వాలు, సబ్బు వేసుకుని ఆటో ఎక్కాను.

నేను పోయేసరికి సమ్మెలో ఉన్న పంతుళ్లు ఇద్దరు వచ్చి ఉన్నారు. శిబిరంలో వండినదే నాలుగు గిన్నెల క్యారియర్‌లో తెచ్చారు. వేడన్నం, సాంబారు, ఆలుగడ్డ వేపుడు. వాళ్లు ప్రేమగా మూత తీయబోతుంటే అత్తమ్మ లేచి నిలబడి, తన చెయ్యి క్యారియర్ మీద అడ్డం పెట్టింది.

"వద్దు బిడ్డా. నా కొడుకుకు అన్నం వద్దు. నా కోడలు గట్క తెస్తది" అంది.

అప్పుడే గుమ్మంలో నన్ను చూసింది. రాత్రంతా నిద్ర లేని ముఖం. నా చేతిలో సంచి చూసి ఆ ముఖం విచ్చుకుంది.

"తెచ్చినవా బిడ్డా? నర్సమ్మ షుగర్ సూది ఇచ్చి పోయింది. అరగంటల తినాలన్నది. నీకోసమే సూస్తున్న. రేపటికెల్లి నేనే వండుత, సరేనా? దంచిన రవ్వనైతె ఇంక మంచిగుంటది" అంటూ చెయ్యి చాపింది.

నేను సంచి ఇవ్వలేదు. ఆమె తీసుకుంది. లుంగీ తీసింది, తువ్వాలు తీసింది, సబ్బు తీసింది, ఇంకా అడుగున చెయ్యి పెట్టి వెతికింది. సారు ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

"తేలేదు అత్తమ్మా" అన్నాను.

ఆమె తిట్టినా బాగుండేది. తువ్వాలు మడతపెట్టి మంచం మీద పెట్టి, మళ్లీ క్యారియర్ మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. అత్తమ్మ మీద, సారు మీద, డాక్టరు మీద, దొర మీద, ఇంతకాలం నాకు కోపం వచ్చిన వాళ్లందరి మీద వచ్చిన దాన్నంతా కలిపినా ఆ క్షణంలో నా మీద నాకు వచ్చినంత కోపం కాదు. తెలియక ఆమె నెల రోజులు చేసిన పనిని, అన్నీ తెలిసి నేను ఒక్క పూటలో చేశాను.

బయట గోడ గడియారంలో అరగంట కావస్తోంది. షుగర్ సూది పడిన మనిషిని ఖాళీ కడుపుతో ఉంచితే ప్రాణం మీదికొస్తుంది. అత్తమ్మ చెయ్యి ఇంకా క్యారియర్ మీదే ఉంది. దాన్ని మెల్లగా పక్కకు జరిపి, నేనే మూత తీసి, నేనే పళ్లెంలో అన్నం పెట్టి సారు ముందు ఉంచాను.